దేవకృపమ్మ ప్రార్థన అంశాలు

లాలాగూడ,
8 మార్చి 2025, శనివారం

నా బిడ్డ క్యారల్‌కు,

ప్రాణంతో ఉన్నావు, అదే చాలని వెయ్యిసార్లు స్తోత్రం చెప్పుకుని మీ అత్తమ్మ రాస్తున్న సంగతులు. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని నవ్వుకోకు. నా ఫోను కొనిచ్చింది నీ మొగుడే. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు అందులో ఏం పెట్టి ఇచ్చాడో ఎవరికి తెలుసు? సత్యవేణి రోజూ మా పక్కనున్న ఆసుపత్రికి డ్యూటీకి వస్తుంది. దాని అన్నం క్యారియర్ అడుగు గిన్నెలో కాగితం మడిచిపెడతాను. ఇద్దరం ఇరవై ఏళ్లు ఒకే వార్డులో ఆయాలుగా చేశాం. దాని నోరు గట్టిది. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ నాన్న, పాపం మా తమ్ముడు, బతికున్నన్నాళ్లూ ఎగతాళి చేసేవాడు.

నువ్వు నా దగ్గరకు రాకుండా కార్ఖానాలో సత్యవేణి ఇంటికి పోవడమే మంచిదైంది. ఎందుకంటే మర్నాడే నోవహు నా గుమ్మంలో నిలబడ్డాడు. భుజాన గిటార్, ముఖాన నవ్వు. "వందనాలు అత్తమ్మా" అన్నాడు. తలుపు మూశాడు. మూశాక నా మెడ పట్టుకుని గోడకు అదిమాడు.

"మంచిగ అడుగుతున్న. నా పెండ్లాం ఏడుంది?"

నాకు యాభై ఎనిమిదేళ్లు. అబద్ధం ఆడటం చేతకాదు. నిజం చెబితే నిన్ను చంపుతాడు. ఏం చెయ్యాలో తోచక గట్టిగా పాట ఎత్తుకున్నాను. మెడ మీద చెయ్యి ఉంటే పాట ఎలా వస్తుందో నీకు వేరే చెప్పాలా, కోడి గొంతులా వచ్చింది. వాడికి ఒళ్లు మండిపోయింది. రోటి పొత్రం ఎత్తి అద్దాల బీరువా మీద వేశాడు. ఆ చప్పుడుకు పక్కింటి రాఘవేందర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, ఏమైంది? గిట్ల పగిలిందేంది?" అన్నాడు. నోవహు ఏమన్నాడో తెలుసా? "ఏం లేదన్నా, అత్తమ్మ చెయ్యి జారింది" అన్నాడు. నవ్వి, గిటార్ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆదివారం ఆ చేతులతోనే ఆరాధన నడిపిస్తాడు!

ఈస్టర్ దాకా ఈ నలభై రోజులూ వాడు మారాలని ఒంటిపూట ఉంటున్నాను. నువ్వు కూడా ప్రార్థించు తల్లీ. పసుపు పాలు తాగు. సత్యవేణి పెట్టే ఆవకాయ మాత్రం తినకు, నోట్లో పుళ్లున్నాయన్నావట.

నీ గాయాలన్నీ తనవే అనుకునే
అత్తమ్మ

కార్ఖానా,
10 మార్చి

అత్తమ్మా,

నీ మెడ ఎలా ఉంది? వేడినీళ్ల కాపడం పెట్టుకో. నువ్వు పాడిన పాట తలచుకుని నవ్వబోయాను గానీ పక్కటెముకలు నవ్వనివ్వలేదు.

ఇక్కడ బాగానే చూసుకుంటున్నారు. సత్యవేణి ఆంటీ పొద్దున్నే దేవుడి పటాలకు దీపం పెట్టి, నా వైపు తిరిగి, "నీ దేవుడికి నువ్వు దణ్ణం పెట్టుకోమ్మా, మాకేటీ ఇబ్బంది నేదు" అంటుంది. నేను పెట్టుకోవడం లేదు. పెదాలు కదలడం లేదు అత్తమ్మా. ఆవిడ భర్త దేముడుబాబు అంకుల్ రాత్రి వాచ్‌మన్ డ్యూటీ చేసి వచ్చి పగలంతా పడుకుంటారు. నేను తుమ్మినా లేచి కూర్చుని "ఎవులొచ్చారు?" అంటారు.

నా ఫోన్ గురించి అడిగావట. అది లేదు. మంగళవారం నా ఎడమ చెవి మీద కొట్టి కొట్టి ముక్కలు చేశాడు. పాటలో నేను శ్రుతి తప్పానట, అందరి ముందూ పరువు పోయిందట. అద్దం గుచ్చుకుంది. కర్ణభేరి చిరిగిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ చెవిలో ఇప్పటికీ ఎవరో ఈల వేస్తున్నట్టే ఉంది.

ఒక మాట నీకు అర్థం కాలేదు, చెప్పక తప్పదు. నేను క్షేమం చూసుకుని కార్ఖానా రాలేదు. మొదటిసారి వాడు నా భుజం ఎముక విరిచినప్పుడు నీ దగ్గరకే వచ్చాను. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఆటో ఎక్కించి వాడింటికి పంపావు. రెండోసారి ఇస్త్రీపెట్టె వీపు మీద పెట్టాడు. అప్పుడూ నీ దగ్గరకే వచ్చాను. "సిలువ మొయ్యక తప్పదమ్మా, నీ ఓర్పు చూసి మారతాడు" అన్నావు. ఆ వీపుతో వారం రోజులు బోర్లా పడుకున్నాను. ఇంకోసారి కూడా పంపుతావని భయమేసి, మూడోసారి నీ ఇల్లు దాటుకుని ఇక్కడికి వచ్చాను.

ఇవన్నీ దెప్పడానికి రాయలేదు. నేనెక్కడున్నానో ఎవ్వరికీ చెప్పకు. అంతే.

క్యారల్

లాలాగూడ,
13 మార్చి, గురువారం

అమ్మా క్యారల్,

నీ ఉత్తరం చదివి ఆ పూట ముద్ద దిగలేదు. ఎలాగూ ఉపవాసమే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదులే. నిన్ను పెంచిన చేతులతోనే ఆటో ఎక్కించాను. నీ మంచికే అనుకున్నాను. మా ఆయన కూడా తాగి కొట్టేవాడు, నేను మోకాళ్లూనాను, ఆరేళ్లకు మారాడు. అందుకని అందరి మొగుళ్లూ ఆరేళ్లకు మారతారనుకున్నాను కాబోలు. ఒక్కొక్కరికి ఒక్కో రకం పిచ్చి.

ఎవ్వరికీ చెప్పకు అన్నావు. చెప్పలేదు. నిన్న బుధవారం స్త్రీల కూడికలో దేవుని పాదాల దగ్గర పెట్టాను, అంతే. నీ పేరు ఎత్తనేలేదు సుమా. "ఒక సహోదరి" అన్నాను. మన కూడిక సంగతి నీకు తెలిసిందే, ఒక్కొక్కరు లేచి ప్రార్థన అంశం చెబుతారు, జెనిఫర్ రాసుకుంటుంది, ఇంటికెళ్లాక ఎవరి వంతు గంటలో వాళ్లు దానికోసం మోకరిస్తారు. ఆడవాళ్లందరూ కొంగులు తడిసేలా ఏడ్చారు. నా గుండెమీద బండ దిగినట్టయింది. దేవుడికి చెప్పడం ఎవరికో చెప్పడం కాదుగా!

బీరువా అద్దాలన్నీ ఎత్తాను. ఒక్క ముక్క మాత్రం మడమలో దిగింది, పిన్నీసుతో తీసుకున్నాను.

నీ మీద కోపం లేని, తన మీదే ఉన్న
అత్తమ్మ

రెజిమెంటల్ బజార్,
16 మార్చి, ఆదివారం

అత్తమ్మా,

పై చిరునామా చూసి కంగారుపడకు. బట్టల కొట్టు పైనున్న లేడీస్ హాస్టల్‌లో ఉన్నాను. సత్యవేణి ఆంటీకి తెలిసిన కల్పలత మేడమ్ ఇక్కడ వార్డెన్. నిన్న మధ్యాహ్నం నోవహు కార్ఖానా ఇంటికి వచ్చాడు. నేరుగా వచ్చాడు. వీధిలో ఎవర్నీ అడగలేదు కూడా.

నేను వెనక వసారాలో బట్టలు ఆరేస్తున్నాను. గేటు దగ్గర అంకుల్ గొంతు వినిపించింది. "ఎవులు నువ్వు? ఏటి కావాల?" తర్వాత కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. నేను అలాగే అనుకున్నాను, శనివారం కదా, కొబ్బరికాయ కొడుతున్నారని. తొంగిచూస్తే అంకుల్ ముగ్గు మీద మోకాళ్ల మీద ఉన్నారు. బనియన్ అంతా ఎర్రగా ఉంది. నోవహు చేతిలో ఇనప రాడ్.

నన్ను చూశాడు. నవ్వాడు. "దేవుడే సూపించిండే నాకు, నువ్వు ఏడున్నవో!" అన్నాడు. నా వైపు అడుగు వేశాడు. రెండో అడుగు పడలేదు. అంకుల్ వాడి కాలు రెండు చేతులతో వాటేసుకున్నారు. వాడు చేతుల మీద కొట్టాడు. వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినిపించింది, కుడిచెవి బాగానే పనిచేస్తోంది. వీపు మీద కొట్టాడు. అంకుల్ వదల్లేదు. "మేడెక్కమ్మా! ఎక్కు! నన్ను సూడకు!" అని అరిచారు. నేను మేడెక్కి పక్కింటి డాబా మీదికి దూకాను. నన్ను చూడకు అన్న మనిషిని చూడకుండా పారిపోయాను.

ఆయన ఏ కూడికకూ రారు అత్తమ్మా. ప్రేమ గురించి ఒక్క ప్రసంగం కూడా వినలేదు. నేను ఆయనకు ఏమవుతానని?

నోవహుకు ఎలా తెలిసింది? ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. దేవుడు చూపించాడన్న మాట విన్నప్పటి నుంచి నాకు దేవుడంటే భయమేస్తోంది.

క్యారల్

లాలాగూడ,
18 మార్చి, మంగళవారం

క్యారల్‌కు,

దేముడుబాబును చూసి వచ్చాను. తలకు పద్నాలుగు కుట్లు, కుడిచేతికి మూడు వేళ్లు విరిగాయి. నన్ను చూసి లేవబోయాడు మహానుభావుడు. నేను సత్యవేణి కాళ్ల మీద పడబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊరుకో వొదినా. ఇంటికొచ్చిన పిల్లని గెంటేస్తామేటి? ఆయన కుక్కపిల్లనైనా అలగే కాసీవోడు" అంది.

హత్యాయత్నం కేసు పెట్టారు. ఎస్సై హేమచంద్ర గారు నెమ్మదస్తుడే. నోవహు పరారీలో ఉన్నాడట. ఈ నెల 27, గురువారం పదకొండు గంటలకు నువ్వు మేజిస్ట్రేటు గారి ముందు వాంగ్మూలం ఇవ్వాలి. ఈ దెబ్బలూ వెనకటి దెబ్బలూ అన్నీ చెప్పాలి. అది రికార్డయితే వాడికి బెయిలు దొరకడం కష్టమట. వాడు మాత్రం వాళ్లమ్మ చేత కబురు పెట్టించాడు, నువ్వు కోర్టు మెట్లు ఎక్కితే ప్రాణాలతో దిగవని. కాబట్టి ఆ రోజు దాకా గడప దాటకు.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ ఇంట్లోంచి వాడికి ఫోన్ చేశావా? ఒక్కసారి గొంతు విందామనిపించిందా? ఎలా ఉన్నావని అడిగావా? మూడేళ్లు కాపురం చేశావు, మనసు కరిగి ఉంటుంది. ఆడదాని బుద్ధి నాకు తెలుసు. అలా అయితే ఒక నిర్దోషి తల పగిలింది నీ వల్లే. దేవుడు చూపించాడట, దేవుడు! వాడి నోరు పడిపోను.

అత్తమ్మ

రెజిమెంటల్ బజార్,
19 మార్చి

నా మనసు కరగలేదు. కరిగే మనసు నీది. నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

ఈ మాట అడిగినందుకు నిన్ను చాలా రోజులు గుర్తుపెట్టుకుంటాను.

క్యారల్

లాలాగూడ,
21 మార్చి, శుక్రవారం

తల్లీ,

నా ముఖం నీకు చూపించలేను, కాగితం మీద కాబట్టి రాస్తున్నాను. నీ ఆచూకీ చెప్పింది నేనే.

నిన్న జెనిఫర్ వచ్చింది. దానికేమీ తెలియదు పాపం, "ఆంటీ, మన చర్చి ప్రార్థన గొలుసు వాట్సాప్‌లో ఎంత చక్కగా నడుస్తోందో చూడండి" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఒక్కొక్కటే చదువుకుంటూ వెనక్కి వెళ్లాను. పన్నెండో తారీకు దగ్గర ఆగాను. నేను కూడికలో చెప్పిన ముక్కలన్నీ పొల్లుపోకుండా ఉన్నాయి. "భర్త హింసకు తాళలేక కార్ఖానాలో, ఆసుపత్రి ఆయా సత్యవేణి గారి ఇంట్లో తలదాచుకున్న ఒక సహోదరి క్షేమం కొరకు." పేరు ఎత్తలేదని నీకు గొప్పగా రాశానే! ఎక్కడున్నావో చెప్పకపోతే కాపుదల కోసం ఎలా ప్రార్థిస్తారని ఇంటి గుర్తు కూడా చెప్పాను. దేవుడికి ఇంటి గుర్తులు కావాలా? ముసలి గాడిదను.

ఆ గుంపులో రెండొందల పన్నెండు మంది ఉన్నారు. పొద్దున్నే అందులో పాటలు పెట్టేది నోవహే. నా అంశం కింద వాడు కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆమేన్ అని రాశాడు.

జెనిఫర్ ఏడ్చి ఏడ్చి వాణ్ని గుంపులోంచి తీయించింది. వాళ్లమ్మ మాత్రం ఉంది, ఆవిడను తీస్తే గొడవవుతుందట. సత్యవేణికీ దేముడుబాబుకూ వెళ్లి చెప్పాను. ఆయన కట్టు కట్టిన చెయ్యి ఊపి, "పోన్లెండి" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

నిన్ను అనుమానించిన నోటికి ఏం శిక్ష వేస్తావో వెయ్యి.

దేవకృప

రెజిమెంటల్ బజార్,
22 మార్చి

అత్తమ్మా,

శిక్ష అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇక మీదట నా పేరు నీ నోట వినిపించకూడదు. కూడికలో కాదు, ఇంట్లో కాదు, ఒంటరిగా మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా పైకి అనకు. నీ మొదటి ప్రార్థన నా వీపు కాల్చింది. రెండోది నా చెవి చింపింది. మూడోది అంకుల్ తల పగలగొట్టింది. ఇంకో ప్రార్థనను తట్టుకునే ఒళ్లు నాకు లేదు.

హాస్టల్ ఎదురుగా టీ బండి ఉంది. నోవహు షాపులో పనిచేసేవాడొకడు మూడు రోజులుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే టీ తాగుతున్నాడు. ఎన్ని టీలు తాగుతాడు మనిషి? ఈ వీధిలో ఎక్కడో ఉన్నానని పసిగట్టారు, ఏ మేడో తేలలేదంతే. కల్పలత మేడమ్ పోలీసులకు చెప్పింది. వాళ్లు వచ్చినప్పుడు వాడు ఉండడు, వెళ్లగానే మళ్లీ ప్రత్యక్షం. గురువారం ఈ గుమ్మం దిగి ఆటో ఎక్కాలి. ఆ నాలుగు అడుగులు ఎలా వెయ్యాలో తెలియడం లేదు.

ఈ సంగతి నీకు ఎందుకు రాశానో కూడా తెలియదు. అలవాటు. ఎవరికీ చెప్పకు. ఈసారైనా.

క్యారల్

రెజిమెంటల్ బజార్,
27 మార్చి, గురువారం, పొద్దున తొమ్మిదిన్నర

అత్తమ్మా,

ఇప్పుడే జెనిఫర్, ఆంటీని నంబరు అడిగి, కల్పలత మేడమ్ ఫోన్‌కు చేసింది. నిన్న కూడికలో నువ్వు మళ్లీ లేచావట. నేను మీ ఇంటికి వచ్చేశానన్నావట. మనసు మార్చుకున్నానని, ఇవాళ పొద్దున లాలాగూడ నుంచే నీతో కలిసి బయల్దేరతానని, ఈలోగా భర్త వచ్చి చెయ్యి పట్టుకుంటే కోర్టు మాట మానేసి రాజీ పడతానని, మా కాపురం నిలబడాలని అందర్నీ ప్రార్థించమన్నావట! నలభై మంది ఆమేన్ అన్నారట!

నువ్వు మారవు. దేముడుబాబు అంకుల్ తల చూసొచ్చి కూడా మారలేదు. నేను రాజీ పడతానని నా తరఫున చెప్పడానికి నువ్వెవరు? మూడోసారి కూడా నన్ను ఆటో ఎక్కించి పంపాలనే కదా? అబద్ధం చేతకాదన్నావే, ఇదేమిటి మరి?

నా అదృష్టం కొద్దీ టీ తాగేవాడు ఇవాళ పొద్దున్నుంచీ కనిపించలేదు. వీధి ఖాళీగా ఉంది. మేడమ్ ఆటో పిలిచింది, దిగుతున్నాను. ఎవరి ప్రార్థనా లేకుండానే వెళ్తున్నాను. ఈ కాగితం ఆంటీకి ఇస్తాను. ఇదే నా ఆఖరి ఉత్తరం. మనిద్దరికీ ఇక మాటల్లేవు.

క్యారల్

లాలాగూడ, ఆసుపత్రి,
31 మార్చి, సోమవారం

అమ్మా క్యారల్,

నీ ఆఖరి ఉత్తరం అందింది. దానికి జవాబు అక్కర్లేదని తెలుసు. ఎస్సై గారికి రాసి ఇవ్వడానికి కాగితాలు తెచ్చిపెట్టారు, అవి మిగిలాయి. పారేయడం ఎందుకని రాస్తున్నాను. నా దవడ రెండు చోట్ల విరిగింది. పళ్లకూ పళ్లకూ తీగలు చుట్టి నోరు కట్టేశారు. మీ నాన్న ఉంటే ఇన్నాళ్లకు దేవకృప నోరు మూతపడిందని మిఠాయి పంచేవాడు.

బుధవారం నేను చెప్పింది అబద్ధమే. నీ ఇరవై రెండో తారీకు ఉత్తరం చదివి నాలుగు రోజులు కొట్టుకున్నాను. గుమ్మం నుంచి ఆటో దాకా నాలుగు అడుగులు అని రాశావే, ఆ నాలుగు అడుగులు ఖాళీ చెయ్యాలి. వాణ్ని ఇటు రప్పించాలి. వాళ్లమ్మ ఆ గుంపులో ఉంది, నేను ఏది చెప్పినా గంటలో వాడి చెవిన పడుతుంది. నువ్వు రాజీకి వచ్చావంటే తప్ప వాడు నమ్మడు, నేను అలాంటి మనిషినని వాడికి బాగా తెలుసు. నీకు చెబితే ఒప్పుకోవు. పోలీసులకు చెబితే జీపులు ముందే కనబడతాయి. లేచి నిలబడ్డాను. యాభై ఎనిమిదేళ్లలో మొదటి అబద్ధం తల మీద ముసుగు వేసుకుని, కళ్లు మూసుకుని చెప్పాను. ఆమేన్ అన్నారు. కాళ్లు వణికి కూలబడితే ఆత్మ దిగిందనుకుని ఇంకా గట్టిగా స్తుతించారు.

పక్కింటి రాఘవేందర్‌కు మాత్రం చెప్పాను. షిఫ్టు మానుకుని, వర్క్‌షాపు స్నేహితులు నలుగురితో ఇంట్లో కూర్చున్నాడు. "నువ్ ఒక్క కేక వెయ్యమ్మా, మిగతాది మేం జూసుకుంటం" అన్నాడు. స్నానాల గదిలో కుళాయి తిప్పి వదిలి, తలుపుకు బయట తాళం వేశాను.

తొమ్మిదింపావుకు వచ్చాడు. వెంట టీ తాగేవాడూ ఇంకొకడూ. "ఏదీ?" అన్నాడు. "స్నానం చేస్తోంది" అన్నాను. రెండో అబద్ధం మొదటిదానంత కష్టంగా లేదు, అదే భయమేసింది నాకు. "మరి తాళం ఎందుకే?" అన్నాడు. "పారిపోకుండా వేశాను" అన్నాను. అది మూడోది. తాళం పగలగొట్టడానికి వాడికి చాలాసేపు పట్టింది. నువ్వు దిగుతున్నావు, దిగుతున్నావు అని లోపల లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. తలుపు ఊడింది. బకెట్ పొర్లిపోతోంది, మనిషి లేదు.

వాడు తిరిగిన తిరుగుడు చెప్పలేను. రాడ్ నా కణతకు వస్తుందనుకున్నాను, దవడకు తగిలింది. కేక వెయ్యడానికి నోరు తెరిచాను. తెరుచుకోలేదు. కిందిది పైదానితో కలవలేదు, రక్తం, పళ్లు, ఊపిరి అన్నీ ఒకటే ముద్ద. రాఘవేందర్ గోడ అవతల కేక కోసం చూస్తున్నాడు, నా దగ్గర కేక లేదు. పొట్టలో తన్నాడు. పడ్డాను. పడినచోట నీళ్ల బిందెలున్నాయి, మూడింటినీ కాళ్లతో తన్నాను. ఆ స్టీలు చప్పుడుకు వచ్చారు వాళ్లు.

తర్వాతది రాయాలా వద్దా అని నిన్నంతా ఆలోచించాను. వాళ్లు వాణ్ని కొట్టారు. మామూలుగా కొట్టలేదు. వాడి ముక్కు పగిలి నా చీర మీద రక్తం పడింది. నేను చెయ్యి ఎత్తాను. రాఘవేందర్ చూసి, "ఇంక ఎయ్యమంటున్నది అమ్మ" అన్నాడు. ఇంకా వేశారు. అందరూ నేను ఆపమన్నానని అనుకుంటున్నారు, పాస్టరయ్యగారైతే ప్రసంగంలో కూడా చెప్పారట. ఆపమని ఎత్తానో కొట్టమని ఎత్తానో నాకే తెలియదు తల్లీ. ఆ సంగతి నీకూ ప్రభువుకూ మాత్రమే చెబుతున్నాను. నలభై రోజుల ఉపవాసంలో ఇరవై మూడో రోజది.

పాస్టరయ్యగారు మంచం పక్కన కూర్చుని, వాడు జైల్లో పశ్చాత్తాపపడుతున్నాడు, క్షమించి కేసు వాపసు తీసుకోమని అడిగారు. కాగితం మీద రాసిచ్చాను. "క్షమించడానికి ప్రయత్నిస్తున్నాను అయ్యగారూ. కేసు మాత్రం ఉంటుంది." ఆయన అది రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

నువ్వు పదకొండు గంటలకు అంతా చెప్పావని, ఒక్కచోట కూడా ఏడవలేదని సత్యవేణి చెప్పింది. నాకు అది చాలు. ఆ రెండుసార్లు నిన్ను వెనక్కి పంపినందుకు మాత్రం ఈ దవడ చెల్లు కాదు. సిలువ ఎవరిది వాళ్లు ఎత్తుకోవాలి. నేను నీ భుజాన పెట్టి, పక్కన నిలబడి పాటలు పాడాను. అది ప్రేమ అనుకున్నాను.

నన్ను చూడటానికి రాకు. ముఖం గుమ్మడికాయలా ఉంది. నీ పేరు పైకి అనొద్దన్నావు, ఎలాగూ అనలేను. లోపల అనుకుంటున్నాను, దానికేమీ చెయ్యలేకపోతున్నాను, మన్నించు.

నీ
అత్తమ్మ

రెజిమెంటల్ బజార్,
2 ఏప్రిల్, బుధవారం

అత్తమ్మా,

నీ ఉత్తరం ఆంటీ క్యారియర్ మూత తీస్తూనే ఇచ్చింది. మెట్ల మీదే కూర్చుని చదివాను. కల్పలత మేడమ్ వచ్చి "ఏమైంది, గట్ల ఏడుస్తున్నవేంది?" అని అడిగితే చెప్పడం చేతకాలేదు. కోర్టులో రాని ఏడుపంతా అక్కడే వచ్చింది. నేను గుమ్మం దిగుతున్నప్పటికి నువ్వు బిందెల మధ్య పడి ఉన్నావు. నేను ఆటోలో నిన్ను తిట్టుకుంటూ వెళ్లాను. సికింద్రాబాద్ వీధులన్నీ తిట్టుకుంటూ వెళ్లాను.

గురువారం రాసిన ఉత్తరంలో నేనన్నది తప్పు. ఆ రెండుసార్ల గురించి అంతకుముందు రాసింది తప్పు కాదు, దాన్ని వెనక్కి తీసుకోను. అది నాకు మానడానికి టైం పడుతుంది. నువ్వు కూడా తొందరపెట్టకు.

చెయ్యి ఎందుకు ఎత్తావో నాకూ తెలియదు. నేనైతే కొట్టమనే ఎత్తేదాన్ని.

నీ నోరు ఆరు వారాల దాకా తెరుచుకోదని డాక్టర్ చెప్పారట. జావ, పప్పునీళ్లు గొట్టంతో తాగించాలట. రేపు పొద్దున నేను వస్తున్నాను. రావద్దని రాసి పంపకు, ఆంటీకి చెప్పాను, నీ కాగితాలు తేవద్దని. ముప్పూటలా నేనే తాగిస్తాను. కారం తక్కువైందని సణగలేవు, అదొక్కటే నాకు సుఖం.

తాగించే ముందు ప్రార్థన కావాలంటావు, నాకు తెలుసు. నేను పైకి చెబుతాను. నెల రోజులైంది, పెదాలు వస్తాయో రావో, వచ్చినంత చెబుతాను. దేముడుబాబు అంకుల్ వేళ్ల కోసం చెబుతాను. నీ దవడ కోసం చెబుతాను. నోవహు పేరు దగ్గర మాత్రం ఆగిపోతాను. నా వల్ల కాదు అత్తమ్మా, ఇప్పట్లో కాదు. ఆ ముక్క నువ్వు లోపల చెప్పుకో. నేను కళ్లు మూసుకుని కూర్చుంటాను. అయిపోయాక నా చెయ్యి నొక్కు.

ఆమేన్ నేను అంటాను.

క్యారల్